జనవరిలో జింక వేట: మొక్కజొన్న చేను గట్టు నుంచి కుక్కర్ దాకా

అమెరికాలో మేముండే ఒహాయో రాష్ట్రంలో థ్యాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే గన్ వారం (తుపాకీతో జింకను కొట్టనిచ్చే వారం) అయిపోగానే, నాకు తెలిసిన వేటగాళ్ళలో చాలామంది సామాన్లు గరాజ్‌లో సర్దేసి టీవీలో ఫుట్‌బాల్ ముందు కూర్చుంటారు. విల్లు సీజన్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంటుంది. సెప్టెంబరు ఆఖర్లో మొదలై ఫిబ్రవరి మొదటి రోజుల దాకా ఉంటుంది. నేను వేటకు ఎక్కువగా చెట్టెక్కేది ఆ ఆఖరి వారాల్లోనే. నాకు గోడకు తగిలించుకునే కొమ్ములు అక్కర్లేదు, ఫ్రీజర్‌లో కూర కావాలి. కూర కోసం వెళ్ళేవాళ్ళకు జనవరి చాలా మంచి నెల. అడవిలో జనం ఉండరు, ఆకలికి జింకలు వెలుతురుండగానే బయటికొస్తాయి, మాంసం పాడైపోతుందేమోనన్న టెన్షన్ తక్కువ. చలి మాత్రం భరించాలి.

ముందు కాగితాల సంగతి. వీసా మీద ఉన్న మనవాళ్ళు మొదట భయపడేది తుపాకీ నిబంధనలకు. ఫెడరల్ చట్టం ప్రకారం విల్లు తుపాకీ కిందకు రాదు కాబట్టి ఆ గొడవ లేదు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై, హంటింగ్ లైసెన్సు, దాని మీద జింక పర్మిట్ కొనుక్కోవాలి. ఇంకొకరి భూమిలోకి వెళ్ళాలంటే ఓనరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, ఆ కాగితం జేబులో ఉండాలి. కొమ్ముల జింక రాష్ట్రమంతటా ఏడాదికి ఒక్కటే. మొత్తం ఎన్ని కొట్టొచ్చన్నది కౌంటీని బట్టి మారుతుంది, ఏటా చూసుకోండి. కొట్టాక మర్నాడు మధ్యాహ్నం 12 లోపు యాప్‌లోనో ఫోన్‌లోనో గేమ్ చెక్ చెయ్యాలి, అంటే జింకను కొట్టినట్టు నమోదు చెయ్యాలి. ఇదంతా ఒహాయో మాట. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను కొట్టడం జైలుకు పోయే నేరం. ఇది చదివి ఊళ్ళో ఎవరూ ఉత్సాహపడొద్దు.

తిండి ఎక్కడుంటే జింక అక్కడ

నవంబరులో జతకట్టే రోజుల్లో మగ జింకలు తిండి మానేసి ఆడవాటి వెనకాల తిరుగుతాయి. ఒంటి బరువులో నాలుగో వంతు దాకా పోగొట్టుకునేవి ఉంటాయి. జనవరికి మగవాటికైనా ఆడవాటికైనా రెండే పనులు: తినడం, ఉన్న శక్తి ఖర్చు కాకుండా పడుకోవడం. అందుకని నవంబరులో పనికొచ్చిన చోటు ఇప్పుడు పనికిరాదు. మీ స్టాండ్ (చెట్టుకు కట్టి పైన కూర్చునే పీట) ఎంత మంచి చెట్టు మీదున్నా సరే, దగ్గర్లో తిండి లేకపోతే దాన్ని వదిలేయండి.

నేను వెళ్ళేది కొలంబస్‌కి గంట దూరంలో ఉన్న ఒక రైతు పొలానికి. ఆయన ఏటా అడవి అంచున నాలుగు సాళ్ళ మొక్కజొన్న కోయకుండా వదిలేస్తాడు. అలాంటి చేను ఉంటే ఇంకేం వెతకక్కర్లేదు. లేకపోతే కోసేసిన చేలోనే హార్వెస్టర్ మలుపు తిరిగిన మూలలు చూడండి, అక్కడ గింజ ఎక్కువ రాలి ఉంటుంది. కోయకుండా మిగిలిన సోయా, గోధుమ పైరు, మంచు తగిలాక తియ్యబడే టర్నిప్ ఆకు, ఓక్ చెట్ల కింద మంచులో కూరుకుపోయిన ఏకార్న్‌లు (ఓక్ కాయలు) కూడా చూడాలి. మంచు పడిన మర్నాడు మధ్యాహ్నం చేను చుట్టూ దూరంగా ఒక్కసారి నడిస్తే, ఏ సందులోంచి వస్తున్నాయో అడుగులే చెప్తాయి. పడుకునేది దక్షిణం వైపు ఎండ తగిలే వాలు మీదా, సీడార్ చెట్ల గుంపుల్లోనూ. తిండికీ పడకకీ మధ్య దూరం ఈ రోజుల్లో బాగా తగ్గిపోతుంది. అందుకే పడక దగ్గరికి అస్సలు వెళ్ళకూడదు.

పొద్దుటి వేట ఈ నెలలో నేను పెట్టుకోను. తెల్లవారుజామున చీకట్లో మీరు నడిచివెళ్ళేసరికి జింకలన్నీ చేలోనే ఉంటాయి, మిమ్మల్ని చూసి లేచిపోతాయి. ఆ చేనుకు మళ్ళీ పగలు రావడానికి అవి రోజులు తీసుకుంటాయి. మధ్యాహ్నం రెండింటికల్లా ఎక్కి కూర్చుంటే, సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టబద్ధంగా వేటాడొచ్చు. మంచు తుపాను రావడానికి ముందు సాయంత్రమూ, బాగా మంచు పడి ఆకాశం తేటబడ్డ తర్వాతి సాయంత్రమూ ఇంట్లో ఎంత పనున్నా వదులుకోను.

దిగడం ఎక్కడం కంటే కష్టం. చీకటి పడ్డాక చేలో జింకలు మేస్తుంటాయి, మీరు చెట్టు మీదుంటారు. అప్పుడు నేను రైతుకు మెసేజ్ పెడతాను. ఆయన పికప్‌లో ఒకసారి చేను పక్కగా వస్తాడు. బండి చూసి జింకలు నెమ్మదిగా అడవిలోకి వెళ్ళిపోతాయి. బండ్లు వాటికి రోజూ కనిపించేవే కాబట్టి మర్నాడు మామూలుగానే వస్తాయి. మనిషి చెట్టు దిగడం చూస్తే రావు.

వాసన గురించి ఒక మాట. దుకాణాల్లో అమ్మే వాసన పోగొట్టే స్ప్రేల మీద నాకు నమ్మకం లేదు. గాలి ఎటు వీస్తోందో చూసి, మన మీదుగా గాలి వాటి పడక వైపు పోని చెట్టు ఎంచుకోవడమే పని చేస్తుంది. అలాగని వేట కోటు వంటింటి పక్కన తగిలించకండి. నాది మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో గరాజ్‌లో ఉంటుంది. మా ఇంట్లో ఆదివారం పెట్టే ఇంగువ పోపు వాసన అరమైలు దూరం పోగలదు.

చలిలో విల్లు లాగడం

ఆక్టోబరులో సులువుగా లాగిన విల్లు, మైనస్‌లో రెండు గంటలు కదలకుండా కూర్చున్నాక కదలదు. కండరాలు బిగుసుకుపోతాయి. నా కాంపౌండ్ బో (కప్పీలుండే విల్లు) లాగే బరువును డిసెంబరులోనే నాలుగైదు పౌండ్లు తగ్గించేస్తాను. ఒహాయోలో జింకకు కనీసం 40 పౌండ్ల విల్లు ఉండాలి, దానికి కిందికి దిగకుండా చూసుకుంటే చాలు. బ్రాడ్‌హెడ్ (బాణానికి ఉండే బ్లేడ్ల మొన) పదునుగా ఉంటే ఆ నాలుగు పౌండ్ల తేడా జింకకు తెలీదు, మన భుజానికి తెలుస్తుంది. భుజాలు బాగోలేని వాళ్ళు క్రాస్‌బో (తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి వేసే విల్లు) వాడుకోవచ్చు, ఇక్కడ అదీ చెల్లుతుంది.

ప్రాక్టీసు ఆ కోటు వేసుకునే చెయ్యాలి. పెరట్లో కుర్చీ వేసుకుని, మాస్కు, గ్లోవు, టోపీ అన్నీ తొడుక్కుని, అరగంట చలికి కూర్చుని, అప్పుడు ఒకే ఒక్క బాణం వెయ్యండి. వేటలో దొరికేది ఆ ఒక్కటే. మందపాటి కోటు చేతి మడతకు నారి తగిలితే బాణం ఎక్కడికో పోతుంది. ముంజేతికి ఆర్మ్‌గార్డ్ కట్టి ఆ మడత అణచాలి. మాస్కు వల్ల చెంపకు చెయ్యి ఆనే చోటు కూడా కొద్దిగా మారుతుంది.

బట్టల్లో కాటన్ వద్దు, లోపల ఉన్ని. నడిచేటప్పుడు పల్చగా నడవండి, బరువు కోటు బ్యాగులో మోసుకెళ్ళి పైకెక్కాక వేసుకోండి. చెమట పడితే ఆ సాయంత్రం అక్కడితో అయిపోయినట్టే. బూట్లు కాస్త వదులుగా ఉండాలి. రెండు జతల మేజోళ్ళు ఇరికించి బిగిస్తే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నేల మీద అడుగు లేచినప్పటి నుంచి మళ్ళీ నేల తాకేదాకా హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీ) తాడుకు తగిలించి ఉండాలి. విల్లును తాడు కట్టి తర్వాత పైకి లాక్కోండి. జనవరి మొదట్లో మజిల్‌లోడర్ (గొట్టం ముందు నుంచి మందు కూరే) తుపాకుల రోజులు వస్తాయి, అప్పుడు విల్లు వాళ్ళూ నారింజ రంగు చొక్కా వేసుకోవాల్సిందే.

ఇక ఏ జింక? నా ఓటు ఎదిగిన ఆడదానికే. జతకట్టే రోజుల్లో ఒళ్ళు కరిగిపోయిన మగదాని మాంసం గట్టిగా ఉంటుంది. ఆడది మొక్కజొన్న తిని ఒళ్ళు నిలబెట్టుకుని ఉంటుంది. కానీ తొందరపడకండి. అన్నింటికంటే ముందు, ఒంటరిగా, భయం లేకుండా చేలోకి వచ్చే చిన్నది చాలాసార్లు మగ పిల్ల. దాని తల చెవుల మధ్య చదునుగా ఉంటుంది, ఆడదాని తల గుండ్రంగా ఉంటుంది. జనవరిలో కొన్ని మగవి కొమ్ములు రాల్చేసి ఉంటాయి, అవీ దూరానికి ఆడవాటిలాగే కనిపిస్తాయి. ఇంకొకటి ముందే చెప్పాలి. నవంబరులో జతకట్టిన ఆడవి జనవరికి కడుపుతో ఉంటాయి, పొట్ట తీసేటప్పుడు అది కంటపడుతుంది. అది చూడలేననుకునే వాళ్ళు ఆక్టోబరులోనే వేట ముగించుకోవడం మేలు.

నెలల తరబడి మనుషులు వెంటబడ్డ జింకలివి. నారి చప్పుడుకే కిందికి కుంగి పక్కకు దూకుతాయి. అందుకే నేను 20 గజాలు దాటి వెయ్యను, ఛాతీలో కింది మూడో వంతుకు గురిపెడతాను. కుంగకపోతే గుండె, కుంగితే ఊపిరితిత్తులు. జింక అడ్డంగానైనా ఉండాలి, కొద్దిగా అవతలికి తిరిగైనా ఉండాలి. మన వైపు తిరిగి ఉంటే ఆగాల్సిందే. గుంపులో ముందున్న దాన్ని చూస్తూ వెనకున్న దాని కళ్ళను మర్చిపోతాం. చెట్ల మీద ఆకు లేదు, చెయ్యి కదిలితే ఆకాశం మీద బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. మీకు కావలసినదాని తల చెట్టు మొద్దు వెనక్కి పోయి, మిగతావి తలలు దించి గింజలు ఏరుకుంటున్న ఆ రెండు సెకన్లలో లాగాలి. లాగాక మోచెయ్యి వణుకుతున్నా సరే, అది ముందు కాలు ఇంకో అడుగు ముందుకు వేసేదాకా ఆగండి. ఆ కాలు ముందుకు జరిగితేనే పక్కటెముకల మీది దారి తెరుచుకుంటుంది.

బాణం దొరికాక దాన్ని బాగా చూడండి. గులాబీ రంగు నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్తే దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కార్జం, నాలుగు గంటలు ఆగాలి. పచ్చటి మరకలూ దుర్వాసనా ఉంటే పేగులు తెగాయి, రాత్రంతా వదిలేసి తెల్లారి వెళ్ళాలి. తొందరపడి వెంటబడితే లేచి ఇంకో ఊరి పొలంలోకి పోతుంది, మీకూ దక్కదు, దానికీ బాధ.

పొట్ట తియ్యడం, వేలాడదియ్యడం

చేతికి గ్లోవులు. వెనక ద్వారం చుట్టూ కోసి లోపలి గొట్టం వదులు చెయ్యండి. తర్వాత పొట్ట మీద తోలుకు చిన్న గాటు పెట్టి, రెండు వేళ్ళు లోపలికి పెట్టి కత్తి మొనను ఆ వేళ్ళ మధ్య పైకి పట్టుకుని రొమ్ము దాకా కోయాలి. మొన కిందికి తిరిగితే కడుపు తెగుతుంది, మూత్రపు తిత్తి తెగినా అంతే. పొట్టకీ ఛాతీకీ మధ్య పొర కోసేసి, చెయ్యి పైదాకా పోనిచ్చి గాలిగొట్టం తెంపి లాగితే మొత్తం ఒకేసారి బయటికొస్తుంది. గుండెకాయ, కార్జం జిప్ కవర్లో వేసుకోండి. కార్జం మీద మచ్చలూ గడ్డలూ ఉంటే వద్దు. వెనక కాళ్ళ లోపలి పక్క నల్లటి వెంట్రుకల గ్రంథిని ముట్టుకున్న చేత్తో మాంసం ముట్టుకోవద్దు.

తోలు వేడి మీదుండగానే సులువుగా వస్తుంది. చల్లారి గడ్డకట్టాక అదే పని రెండింతలు. తర్వాత 34 నుంచి 40 ఫారన్‌హీట్ మధ్య నాలుగైదు రోజులు వేలాడదీస్తే ముక్క మెత్తబడుతుంది. బయట మరీ చలిగా ఉంటే గరాజ్ లోపల వేలాడదీసి థర్మామీటర్ పెట్టండి. గడ్డకట్టిన మాంసం మాగదు. కొట్టిన రోజు రాత్రే తొడ కోసి కూర వండితే రబ్బరు నమిలినట్టే ఉంటుంది, కండరాలు బిగుసుకునే ఆ మొదటి రోజు దాటాల్సిందే.

2020లో ఒహాయో అడవి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (మెదడు దెబ్బతిని జింక చిక్కి చచ్చిపోయే జబ్బు) బయటపడింది. మనుషులకు సోకినట్టు రుజువు లేదు గానీ, టెస్టులో పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. కొలంబస్ పక్కనే రెనాల్డ్స్‌బర్గ్‌లో వ్యవసాయ శాఖ జంతువుల ల్యాబ్‌లో టెస్టు చేయించుకోవచ్చు. నేను తల పంపిస్తాను, రిపోర్టు వచ్చేదాకా ఏదీ తినను. గుండెకాయ, కార్జం కూడా అప్పటిదాకా ఫ్రీజర్‌లోనే. తలకాయ కూర ఇష్టమైన వాళ్ళు దీంతో మాత్రం ఆశ వదులుకోవాలి. మెదడు, వెన్నుపాము, కళ్ళు, ప్లీహం, గ్రంథులు అస్సలు వాడకూడదు. వెన్నెముకను రంపంతో కోయకుండా మెడ మాంసాన్ని కత్తితోనే ఒలుచుకుంటాను.

కోసేటప్పుడు రెండు విషయాలు. జింక కొవ్వు మేక కొవ్వు కాదు. చల్లారితే నాలుకకు మైనంలా అంటుకుంటుంది, కాబట్టి కనిపించినదల్లా తీసి పారెయ్యండి. కండ మీది వెండి పొర ఎంత ఉడికినా కరగదు. సన్నటి కత్తి మొన దాని కిందికి దూర్చి, పొర చివర వేళ్ళతో బిగించి పట్టుకుని, కత్తి అంచును కొంచెం పైకి వాల్చి తోస్తే రిబ్బన్‌లా లేచివస్తుంది. దీనికి సాయంత్రమంతా పడుతుంది. పడనివ్వండి.

వంట

ఈ వంట నాకు కుదిరింది మా అత్తయ్య ఖమ్మం నుంచి వచ్చి ఒక చలికాలం మాతో ఉన్నప్పుడు. మొదట్లో వంటింట్లోకి రానివ్వలేదు. తర్వాత గిన్నెలోకి తొంగి చూసి, "దీంట్లో కొవ్వే లేదు కదా అమ్మాయ్, నూనె ఇంకా పొయ్యి" అన్నారు. అసలు సూత్రమంతా ఆ మాటలోనే ఉంది. మేకకు పోసే నూనె కంటే ఒకటిన్నర రెట్లు పొయ్యాలి. మంట తక్కువ, టైం ఎక్కువ. పొడి వేపుడుకు ఒకే ఒక్క కండ పనికొస్తుంది, మిగతావన్నీ పులుసుకూ కీమాకూ.

ఆ ఒక్కటీ బ్యాక్‌స్ట్రాప్, వెన్నుకు రెండు పక్కలా ఉండే పొడవాటి కండ. దాన్ని అడ్డంగా వేలు మందాన కోసి, ఉప్పు, పసుపు, కొద్దిగా అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట ఉంచండి. ఇనప పెనం బాగా కాలాక నూనె వేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఒక్కో వైపు రెండేసి నిమిషాలు. తీసి పక్కన పెట్టండి. అదే నూనెలో నాలుగు ఎండుమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు, చితక్కొట్టిన వెల్లుల్లి, అప్పుడే దంచిన మిరియాలు చెంచాన్నర, ధనియాల పొడి చెంచా వేసి, ముక్కలు మళ్ళీ వేసి ఒక్కసారి కలిపి దించెయ్యండి. మూత పెట్టొద్దు, నీళ్ళు చల్లొద్దు. లోపల కాస్త గులాబీగానే ఉంటుంది. పిల్లలకూ గర్భిణులకూ మాత్రం పూర్తిగా ఉడికించే పెట్టాలి.

తొడకు గోంగూర. వేసవిలో పెరట్లో పండించిన ఆకును వాడ్చి ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను, లేకపోతే ఇండియన్ స్టోరులో దొరికే ఫ్రోజెన్ ఆకైనా సరే. కిలో ముక్కలకు ముందురాత్రి అరకప్పు పెరుగు, పసుపు, ఉప్పు, రెండు చెంచాల పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు కుక్కర్లో ఆరు పెద్ద చెంచాల నూనె, మూడు ఉల్లిపాయలు, ఆరు పచ్చిమిర్చి, రెండు చెంచాల అల్లంవెల్లుల్లి. ఉల్లిపాయ ఎర్రబడ్డాక ముక్కలు వేసి, వాటి నీరు ఇంకి నూనె తేలేదాకా వేయించాలి. ఇదే ముఖ్యమైన మెట్టు, పావుగంటకు తగ్గకూడదు. మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, గ్లాసు వేడినీళ్ళు పోసి సన్నమంట మీద ఆరు కూతలు. తీసి ముక్క నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ఇంకో రెండు. గోంగూర ముక్క మెత్తబడ్డాకే వెయ్యాలి, పులుపు ముందే పడితే ముక్క మొండికేస్తుంది. వేశాక పది నిమిషాలు మూత లేకుండా ఉడికించి, ఆఖర్న వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు. ఆ పూట కంటే మర్నాడు బాగుంటుంది.

పిక్కల ఎముకలూ జబ్బా పులుసుకే. రిపోర్టు వచ్చాక ఎముకలను కొట్టి, మిరియాలు, జీలకర్ర, ఎండుకొబ్బరి, గసగసాలు నూరిన ముద్దతో కుక్కర్లో పన్నెండు కూతలు పోనిస్తే మూలుగ పులుసులోకి దిగుతుంది. జొన్నరొట్టె ముంచుకుని తినడానికి బయట మంచు పడుతూ ఉండాలి. మెడా చిన్నాచితకా ముక్కలూ కీమాకు. కిలోకు ఒక గుప్పెడు మేక కొవ్వు కలిపి ఆడిస్తే పొడిపొడిగా రాదు. కీమా మాత్రం లోపల 160 ఫారన్‌హీట్ దాకా ఉడకాలి.

గుండెకాయను మధ్యకు చీల్చి, నరాలు తీసి, రక్తం పోయేదాకా ఉప్పునీళ్ళలో నానబెట్టి, సన్నగా తరిగి మిరియాల వేపుడు చేస్తాను. కార్జం ఎక్కువ వేగితే సుద్ద అవుతుంది, ఐదు నిమిషాల్లో దించెయ్యాలి.

మిగిలిన సన్నటి పొడవు ముక్కలు ఎండబెట్టడానికి. మన ఊళ్ళలో దండెం మీద ఎండలో వేస్తారు, ఇక్కడ జనవరిలో ఎండేదీ? ఉప్పు, కారం, పసుపు, వెల్లుల్లి పట్టించి ముందు అవెన్‌లో మాంసం 160కి వచ్చేదాకా వేడిచేసి, ఆ తర్వాత డీహైడ్రేటర్లో పెట్టాలి. వంచితే పగుళ్ళు రావాలి, విరిగిపోకూడదు. నూనెలో వేయించి పప్పుచారులోకి నంజుకుంటే అన్నం ఎంత తిన్నామో లెక్కుండదు. ఒక పొట్లం సూట్‌కేసులో వేసుకు రమ్మని మా తమ్ముడు ప్రతి ఏడూ అడుగుతాడు. పర్మిట్ లేకుండా ఇండియాలోకి మాంసం రానివ్వరు, అందులోనూ జింక మాంసమంటే ఎయిర్‌పోర్టులో నేను చెప్పే కథ ఎవరూ వినరు. కావాలంటే వాడే జనవరిలో వీసా తీసుకుని రావాలి.